అవసరంలో వేసిన వేలిముద్ర

‘అతను ఇష్టపడే వచ్చాడు. కాగితం మీద వేలిముద్ర కూడా వేశాడు. ఇక ఇందులో అన్యాయమేముంది?’

బలవంతుడు తనను తాను సమర్థించుకోవడానికి చెప్పే మాటల్లో ఇది చాలా పాతది. కొరడా పట్టుకొని కొట్టేవాణ్ణి దౌర్జన్యపరుడని గుర్తించడం తేలిక. కాని చేతిలో ఒప్పంద పత్రం పట్టుకొని నిలబడినవాణ్ణి ఏమనాలి? ఎదుటివాని ఆకలిని, అప్పును, నిరక్షరాస్యతను కనిపెట్టి, సరిగ్గా ఆ సమయంలోనే అతని చేత ‘సరే’ అనిపించుకున్నవాడు రేపు అల్లాహ్ న్యాయస్థానంలో నిర్దోషిగా నిలబడగలడా?

ఈ ప్రశ్న పుస్తకాలకు మాత్రమే పరిమితమైనది కాదు. 19వ శతాబ్దంలో యూరప్ రాజ్యాలు ఆఫ్రికా ఖండాన్ని పంచుకున్నది ఇలాంటి కాగితాలతోనే. మన తెలుగు జిల్లాల నుంచి వేలాది మందిని ఓడలెక్కించింది కూడా ఇలాంటి కాగితమే. ఇవాళ మన ఇళ్లలో, మన దుకాణాల్లో, మనవాళ్లు వెళ్లే గల్ఫ్ దేశాల్లో కూడా ఇదే కాగితం తిరుగుతోంది. కనుక ప్రతి ముస్లిం కుటుంబం ఈ విషయాన్ని దివ్య ఖుర్ఆన్ వెలుగులో ఒకసారి ఆలోచించుకోవాలి.

చెరకు తోట నుంచి చెరకు తోటకు

దేవరాపల్లి, చోడవరం ప్రాంతాల పాఠకులకు చెరకు గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. గోవాడ సహకార చక్కెర కర్మాగారం పేరు ఎరుగని రైతు ఇక్కడ ఉండడు. అనకాపల్లి బెల్లం మార్కెట్ పేరు దేశమంతా తెలుసు. అనకాపల్లిలో చెరకు పరిశోధనా కేంద్రం 1913లోనే వెలిసింది. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో భాగమైన ఈ నేలకు, సముద్రం అవతల ఉన్న ఆఫ్రికా నేలకు మధ్య ఒక సంబంధం ఉంది. ఆ సంబంధం కూడా చెరకుదే.

దక్షిణాఫ్రికాలోని నేటాల్‌ను ఆంగ్లేయులు 1843లో తమ రాజ్యంలో కలుపుకున్నారు. అక్కడి తీరప్రాంతంలో తెల్లదొరలు చెరకు తోటలు వేశారు. తోటలకు కూలీలు కావాలి. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందిని తీసుకొని డర్బన్ రేవు చేరింది. అప్పటి నుంచి 1911 వరకు లక్షా 52 వేలకు పైగా భారతీయులు నేటాల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రాష్ట్రం వారే. పాత విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల పేర్లు ఆ ఓడల జాబితాల్లో మాటిమాటికీ కనిపిస్తాయి. ప్రతి మనిషికీ ఒక నంబరు. ఆ నంబరు పక్కన తండ్రి పేరు, వయస్సు, జిల్లా, తాలూకా, గ్రామం, కులం, ఒంటిమీది మచ్చలు. ఆ పేర్లలో కొద్దిమంది ముస్లింలవి కూడా ఉన్నాయి.

అయిదేళ్ల ఒప్పందం. మొదటి సంవత్సరం నెలకు 10 షిల్లింగులు, తర్వాత ఏడాదికి ఒక షిల్లింగు చొప్పున పెరుగుదల, తిండికి సరుకులు. ‘అగ్రిమెంట్’ అన్న మాట కూలీల నోట ‘గిర్మిట్’ అయింది. ఓడ ఎక్కేముందు కూలీని అధికారి ఎదుట నిలబెట్టి, ఇష్టపూర్వకంగానే వెళుతున్నావా అని అడగాలన్న నియమం కూడా ఉండేది. చట్టం దృష్టిలో అంతా సక్రమమే.

కాని ఆ మనిషి అధికారి ఎదుటికి ఏ స్థితిలో వచ్చాడు? 1866లో గంజాం, ఒరిస్సా ప్రాంతాల్లో కరువు. 1876-78లో మద్రాసు రాష్ట్రాన్ని తుడిచిపెట్టిన మహా కరువు. 1896-97లో మళ్లీ కరువు. తలకింత అని సొమ్ము తీసుకునే ఏజెంట్లు ఊళ్లమ్మట తిరిగేవారు. ఆ దేశం ఎంత దూరమో, పని ఎంత కఠినమో, సెలవు చీటీ లేకుండా తోట దాటితే నేరమవుతుందో ఎవరూ విడమరచి చెప్పేవారు కాదు. మారిషస్ ద్వీపంలోని తోటల్లోనైతే ఒక్క రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలీ కోసేవారు. నేటాల్ నుంచి 1871లో తిరిగివచ్చిన మొదటి కూలీలు తమకు జరిగిన అన్యాయాలు చెప్పుకోగా, భారత ప్రభుత్వం వలసను ఆపి ఉంచింది. నేటాల్ ప్రభుత్వం 1872లో విచారణ సంఘాన్ని నియమించింది. అయినా 1874లో ఓడలు మళ్లీ కదిలాయి.

అయిదేళ్లు పూర్తయ్యాక కూడా ఆ మనిషికి స్వేచ్ఛ దక్కలేదు. 1895లో నేటాల్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఒప్పందం ముగిసినవాడు మళ్లీ ఒప్పందానికి కట్టుబడాలి, లేదా స్వదేశానికి వెళ్లిపోవాలి. రెండూ కాదంటే ఏటా 3 పౌండ్ల పన్ను కట్టాలి. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు. నెలకు 10 నుంచి 14 షిల్లింగులు సంపాదించేవానికి అది నాలుగు నుంచి ఆరు నెలల కూలీ! 1913లో బొగ్గు గనుల్లో, చెరకు తోటల్లో వేలాది కూలీలు సమ్మె చేసి, జైళ్లకు వెళ్లి, తూటాలకు బలై, చివరకు 1914లో ఆ పన్నును తొలగింపజేసుకున్నారు.

అవసరం తనంత తాను రాలేదు

ఇక్కడ ఆలోచించదగిన ఒక విషయం ఉంది. నేటాల్‌లో జూలూ ప్రజలు లక్షల్లో ఉండగా కూలీల కోసం సముద్రం అవతల ఉన్న మద్రాసు దాకా ఎందుకు రావలసివచ్చింది? జూలూ రైతుకు తన పొలం ఉంది, తన పశువుల మంద ఉంది. అతనికి దొర తోటలో పని చేయవలసిన అవసరం లేదు. అవసరం లేనివాణ్ణి కాగితం మీద వేలిముద్ర వేయమంటే వేయడు.

అందుకే అవసరాన్ని సృష్టించారు. 1849లో నేటాల్‌లో ఆఫ్రికావారి ప్రతి గుడిసె మీద ఏటా 7 షిల్లింగుల పన్ను వేశారు. తర్వాత దానిని రెట్టింపు చేశారు. పన్నును నగదుగా కట్టాలంటే పశువునైనా అమ్ముకోవాలి, దొర దగ్గర కూలికైనా వెళ్లాలి. పొరుగున ఉన్న కేప్ రాజ్యంలో సెసిల్ రోడ్స్ 1894లో తెచ్చిన గ్లెన్ గ్రే చట్టం, కూలికి వెళ్లని మగవారి మీద పన్ను వేసింది. నేటాల్‌లో గుడిసె పన్ను చాలదన్నట్లు 1906లో తలకు ఒక పౌండు చొప్పున కొత్త పన్ను వసూలు మొదలుపెట్టగా, బంబాతా అనే నాయకుని వెంట జూలూలు తిరగబడ్డారు. ఆ తిరుగుబాటును అణచడంలో మూడు నాలుగు వేల మంది ఆఫ్రికా ప్రజలు హతమయ్యారు. చివరకు 1913 నాటి భూమి చట్టం దక్షిణాఫ్రికా నేలలో సుమారు 7 శాతం మాత్రమే నల్లజాతి వారికి వదిలింది. భూమి పోయాక పని కోసం వచ్చినవాణ్ణి చూసి, ఇష్టపడే వచ్చాడన్నారు!

ఇదంతా ఎక్కడో జరిగిన కథ అనుకోవద్దు. మనకు దగ్గరలోనే ఉన్న ఏజెన్సీ కొండల్లో ఇదే పద్ధతి నడిచింది. 1882 నాటి మద్రాసు అడవుల చట్టం తర్వాత గిరిజనుల పోడు మీద, అడవి మీద ఆంక్షలు బిగిశాయి. గూడెం ప్రాంతపు తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనులకు గిరిజనులను బలవంతంగా తెచ్చి, వారికి న్యాయంగా రావలసిన కూలీ ఇవ్వలేదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు నాయకత్వాన జరిగిన దాడుల వెనుక ఉన్న కారణాల్లో ఈ కూలీ దోపిడీ ఒకటి. అడవిని, భూమిని మూసివేయడం, పన్ను వేయడం, తర్వాత పని చూపించడం. జూలూ నేలలోనైనా, గూడెం కొండల్లోనైనా సామ్రాజ్యం నడిచిన దారి ఇదే.

రాజు వేసిన గుర్తు

కూలీలే కాదు, రాజులు కూడా ఇలాంటి కాగితాల్లో చిక్కుకున్నారు. 1884 నవంబరు నుంచి 1885 ఫిబ్రవరి వరకు బెర్లిన్ నగరంలో 14 రాజ్యాల ప్రతినిధులు కూర్చొని ఆఫ్రికాలో ఎవరి హక్కులేమిటో తీర్మానించుకున్నారు. ఆ సభలో ఆఫ్రికా ప్రతినిధి ఒక్కడు కూడా లేడు. ఆ వెంటనే కాంగో దేశం బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్ సొంత ఆస్తిగా మారింది. అంతకుముందే అతని మనుషులు గుడ్డలు, సారా వంటి కానుకలు ఇచ్చి, చదవడం రాని వందలాది గ్రామపెద్దల చేత పత్రాల మీద గుర్తులు వేయించుకున్నారు. తమ భూమిని, తమ ప్రజల శ్రమను రాసి ఇస్తున్నామని వారికి తెలియదు. ఆ తర్వాత రబ్బరు కోసం అక్కడ జరిగిన హింస, ఖర్చు పెట్టిన తూటాకు లెక్కగా నరికిన చేతులు తెచ్చి చూపించిన సైనికుల దారుణం ప్రపంచమంతటినీ కలచివేసింది. 1908లో కాంగో ఆ రాజు చేతి నుంచి బెల్జియం ప్రభుత్వం చేతికి మారింది.

1888 అక్టోబరు 30న ఇప్పటి జింబాబ్వేలోని ఎన్‌డెబెలె రాజు లోబెంగులా, సెసిల్ రోడ్స్ మనిషి చార్లెస్ రడ్ తెచ్చిన పత్రం మీద తన గుర్తు వేశాడు. నెలకు 100 పౌండ్లు, 1,000 తుపాకులు, లక్ష తూటాలు ఇస్తామన్నారు. పది మందికి మించి తెల్లవారు రారని నోటిమాటగా చెప్పారు. ఆ మాట పత్రంలో లేదు! పత్రంలో ఉన్నది దేశంలోని లోహాలు, ఖనిజాలన్నింటి మీద హక్కు. విషయం తెలుసుకున్న రాజు మరుసటి ఏడాదే ఆ ఒప్పందాన్ని నిరాకరించాడు. అయినా ఆ కాగితాన్నే ఆధారం చేసుకొని 1889లో రోడ్స్ కంపెనీకి లండన్ నుంచి అధికారపత్రం వచ్చింది, 1890లో బలగం వచ్చింది, 1893లో యుద్ధం వచ్చింది. రాజ్యం పోయింది.

గిర్మిట్ కూలీ ఆకలితో వేశాడు. గ్రామపెద్ద అజ్ఞానంతో వేశాడు. రాజు మోసపోయి వేశాడు. మూడు చోట్లా అవతలి పక్షం చూపించినది ఒకటే: వేలిముద్ర ఉంది కదా!

అంగీకారం ఒక్కటే చాలదు

పరస్పర అంగీకారం లేని వ్యాపారాన్ని ఇస్లాం అనుమతించదు. ఒకరి సొమ్మును మరొకరు అక్రమంగా తినరాదని, వ్యాపారం ఇరుపక్షాల సమ్మతితో జరగాలని అల్లాహ్ ఆదేశించాడు (ఖుర్ఆన్ 4:29). కాని అంగీకారం ఉంటే చాలు, అంతా ధర్మసమ్మతమే అని కూడా ఇస్లాం చెప్పలేదు.

వడ్డీ సంగతే చూడండి. వడ్డీకి అప్పు తీసుకునేవాడు ఇష్టపడే తీసుకుంటాడు. పత్రం రాసి ఇస్తాడు, సాక్షులను పెడతాడు. మరి అల్లాహ్ వడ్డీని ఎందుకు నిషేధించాడు? ఎందుకంటే అవసరంలో ఉన్నవాని ‘సరే’ అన్న మాటకు, అవసరం లేనివాని ‘సరే’ అన్న మాటకు తేడా ఉందని సృష్టికర్తకు తెలుసు. రుణగ్రస్తుడు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగే వరకు గడువు ఇవ్వాలని, మాఫీ చేస్తే మరింత మేలని ఆయన బోధించాడు (ఖుర్ఆన్ 2:280). అంటే ఎదుటివాని అవసరం మనకు లాభావకాశం కాదు. అది మన మీద పడిన బాధ్యత. కొలిచి తీసుకునేటప్పుడు నిండుగా తీసుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం తప్పదని 83వ సూరా ఆరంభంలోనే హెచ్చరిక ఉంది. ఆ తూనికలో శ్రమ కూడా ఒక వస్తువే.

ఇద్దరు యజమానులు

దివ్య ఖుర్ఆన్‌లోని 28వ సూరా, అల్ ఖసస్, మన ముందు ఇద్దరు యజమానులను నిలబెడుతుంది. ఇద్దరూ హజ్రత్ మూసా (అలైహి) జీవితంలో వచ్చినవారే.

మొదటివాడు ఫిరౌన్. అతను భూమిపై అహంకరించాడని, తన ప్రజలను వర్గాలుగా చీల్చాడని, వారిలో ఒక వర్గాన్ని బలహీనపరచి అణచివేశాడని అల్లాహ్ తెలిపాడు (28:4). ఈ మాటల్లో సామ్రాజ్యం నడిచే తీరంతా ఇమిడి ఉంది. ముందు చీల్చాలి, తర్వాత బలహీనపరచాలి, ఆ తర్వాత పని చేయించుకోవాలి.

రెండవవారు మద్‌యన్‌కు చెందిన ఒక వృద్ధుడు. ఆయన దగ్గరకు మూసా (అలైహి) వచ్చిన స్థితిని గమనించండి. ప్రాణభయంతో పారిపోయి వచ్చిన పరదేశి. తిండి లేదు, నీడ లేదు, తెలిసినవారు లేరు. నీవు ఏ మేలు పంపినా దానికి నేను అక్కరగలవాడినే అని చెట్టు నీడన కూర్చొని ప్రభువుకు మొరపెట్టుకున్నారు (28:24). గిర్మిట్ ఏజెంటు వెతుకుతూ తిరిగేది సరిగ్గా ఇలాంటి మనిషి కోసమే!

కాని ఆ వృద్ధుడు ఏం చేశారు? మొదట, తన కుమార్తెల మందకు నీళ్లు పెట్టినందుకు ప్రతిఫలం ఇవ్వడానికి పిలిపించారు. ఆ పనిని మూసా (అలైహి) కూలి ఆశించి చేయలేదు. అయినా పిలిపించారు. తర్వాత ఆయన కథ విన్నారు. విని, భయపడకు, దుర్మార్గుల బారి నుంచి బయటపడ్డావు అని ధైర్యం చెప్పారు (28:25). ప్రతిఫలానికి పిలిచి, భయం తీర్చిన తర్వాతనే ఒప్పందం మాట వచ్చింది. కుమార్తెను ఇచ్చి వివాహం చేస్తానని, అందుకు ఎనిమిదేళ్లు తన దగ్గర పనిచేయాలని అడిగారు. పదేళ్లు పూర్తి చేస్తే అది మూసా (అలైహి) ఇష్టం. నిన్ను కష్టపెట్టదలచుకోలేదని కూడా స్పష్టంగా చెప్పారు (28:27). రెండు గడువుల్లో ఏది పూర్తి చేసినా నా మీద దౌర్జన్యం ఉండరాదని మూసా (అలైహి) అన్నారు. ఆ మాటకు అల్లాహ్ సాక్షిగా నిలిచాడు (28:28).

నేటాల్ ఒప్పందం అయిదేళ్లది, మద్‌యన్ ఒప్పందం ఎనిమిదేళ్లది. కనుక తేడా సంవత్సరాల్లో లేదు. పనివాడు పేదవాడా కాదా అన్నదాంట్లోనూ లేదు. మూసా (అలైహి) కన్నా నిరాధారంగా వచ్చినవారు ఎవరు? మద్‌యన్ పెద్దమనిషి అక్కరను, భయాన్ని తొలగించే దారి చూపి, ఆ తర్వాత సమ్మతి అడిగారు. సామ్రాజ్యం ఆకలిని, భయాన్ని పెంచి, ఆ తర్వాత సమ్మతి అడిగింది. మొదటి సమ్మతి స్వతంత్రుడిది. రెండవది, చేతికి సంకెళ్లు కనిపించకపోయినా, బందీది.

‘మేలు కూడా చేశాం కదా?’

సామ్రాజ్యాన్ని సమర్థించేవారు మరో మాట కూడా అంటారు. రైళ్లు వేశాం, బడులు పెట్టాం, ఆసుపత్రులు కట్టాం అని. వీటిలో కొంత నిజం లేకపోలేదు. కాని ఈ వాదన కూడా కొత్తది కాదు. ఇది ఫిరౌన్ నోటి నుంచి వచ్చిన వాదనే. మూసా (అలైహి) దైవసందేశం తీసుకొని వెళ్లినప్పుడు, చిన్ననాడు నిన్ను మా ఇంట పెంచలేదా అని ఫిరౌన్ గుర్తుచేశాడు (26:18). మూసా (అలైహి) తాను అక్కడ పెరిగిన విషయాన్ని కాదనలేదు. నీవు ఎత్తిచూపే ఈ ఉపకారం ఇస్రాయీల్ సంతతిని నీవు బానిసలుగా చేసుకున్నందువల్ల వచ్చినదే కదా అని నిలదీశారు (26:22).

ఎంతటి సూటి జవాబు! శిశువులను నదిలో విడవవలసిన పరిస్థితి తెచ్చినవాడే, ఆ నదిలో దొరికిన శిశువును పెంచానని గొప్ప చెప్పుకుంటున్నాడు. చేసిన మేలును మేలుగా ఒప్పుకోవచ్చు. కాని దానితో హక్కుల దోపిడీ మాఫీ కాదు. ఒకరి సొమ్ము కాజేసి, అందులోంచి కొంత అతనికే దానం చేసినవాణ్ణి ఎవరూ దాత అనరు.

నలిగినవారు కూడా పరీక్షలో ఉన్నారు

ఇంతవరకు చెప్పినది పీడకుని సంగతి. పీడితులకు కూడా ఒక పరీక్ష ఉంటుంది. తనకన్నా కింద ఉన్నవానితో అతను ఎలా ప్రవర్తిస్తాడన్నదే ఆ పరీక్ష.

నేటాల్‌లో భారతీయులు తమ హక్కుల కోసం 1894లో నేటాల్ ఇండియన్ కాంగ్రెస్‌ను స్థాపించుకున్నారు. గాంధీజీ దానికి కార్యదర్శి, ముస్లిం వర్తకులు అబ్దుల్లా హాజీ ఆదం మొదటి అధ్యక్షులు. ఆ సంస్థ ఎన్నో అన్యాయాలను ఎదిరించింది. కాని డర్బన్ తపాలా కార్యాలయంలో ఆసియావారికి, ఆఫ్రికావారికి ఒకే ద్వారం ఉండటాన్ని కూడా అది అవమానంగా భావించింది. ఫలితంగా 1895 నాటికి యూరప్‌వారికి, ఆసియావారికి, ఆఫ్రికావారికి మూడు వేర్వేరు ద్వారాలు వచ్చాయి. తనను చిన్నచూపు చూసే గోడను పడగొట్టడానికి బదులు, ఆ గోడలో తనకొక ద్వారం సంపాదించుకోవడం! ఫిరౌన్ చేసిన వర్గ విభజన అంటే ఇదే. పీడితుల మనసులోకి కూడా ప్రవేశించినప్పుడే అది పూర్తవుతుంది.

హజ్రత్ అబూ జర్ (రజి) ఒకసారి ఒక వ్యక్తిని అతని తల్లి పేరు ఎత్తి నిందించారు. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) వెంటనే, నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉందని మందలించారు. మీ సేవకులు మీ సోదరులేనని, మీరు తినేదే వారికి తినిపించి, మీరు తొడిగేదే తొడిగించాలని, శక్తికి మించిన పని చెప్పరాదని, చెబితే వారికి తోడ్పడాలని బోధించారు (బుఖారీ). అంత గొప్ప సహచరునికి కూడా ఈ మందలింపు తప్పలేదంటే, మనం ఎంత జాగ్రత్తగా ఉండాలో ఊహించండి.

అదే డర్బన్‌లో దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా ఉంది. 1873లో ఆంగ్ల నౌకాదళం బానిస ఓడల నుంచి విడిపించిన ఆఫ్రికా వారిని డర్బన్‌కు తెచ్చింది. వారిలో అధికులు మొజాంబిక్ ప్రాంతపు మకువా తెగ ముస్లింలు. విడిపించారన్న మాటే గాని, వారిని కూడా అయిదేళ్ల ఒప్పందంతో దొరలకు అప్పగించారు! ఆ తర్వాతి కాలంలో గ్రే స్ట్రీట్ జుమా మసీదు ధర్మకర్తలైన భారతీయ ముస్లింలు బ్లఫ్ అనే చోట భూమి కొని, వారు నివసించేందుకు ఆసరా ఇచ్చారు. రంగు వేరు, భాష వేరు, ఖండం వేరు. ఖిబ్లా ఒక్కటే. మానవులు ఒకే స్త్రీపురుషుల సంతానమన్న సత్యం (ఖుర్ఆన్ 49:13) ఉపన్యాసంలో కాక భూమి పత్రంలో కనిపించిన సందర్భమిది.

త్రాసు మనవైపు తిప్పుదాం

యూరప్ చేసిన అన్యాయాలను లెక్కపెట్టి పత్రిక మూసివేస్తే ఈ వ్యాసానికి ప్రయోజనం లేదు. న్యాయానికి సాక్షులుగా నిలవాలని, అది మీకు, మీ తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరేనని అల్లాహ్ ఆజ్ఞాపించాడు (4:135). కనుక చేదైనా నిజం చెప్పుకోవాలి.

తూర్పు ఆఫ్రికాలో బానిస వ్యాపారం నడిపినవారిలో ముస్లిం పేర్లు గల వర్తకులు ఎందరో ఉన్నారు. జాంజిబార్ బానిసల సంత 1873 దాకా నడిచింది. టిప్పు టిప్ అని పేరుపడిన హామిద్ బిన్ ముహమ్మద్ బానిసలను, ఏనుగు దంతాలను అమ్మి సంపన్నుడై, 1887లో అదే లియోపోల్డ్ రాజు కింద కాంగోలోని ఒక ప్రాంతానికి గవర్నరయ్యాడు. స్వతంత్రుణ్ణి అమ్మి ఆ సొమ్ము తిన్నవానికి, పని చేయించుకొని కూలీ ఎగవేసినవానికి ప్రళయదినాన స్వయంగా తానే ప్రతివాదినవుతానని అల్లాహ్ ప్రకటించినట్లు దైవప్రవక్త (సఅసం) తెలిపారు (బుఖారీ). నమాజు చేసే చేతులు ఆ పని చేస్తే శిక్ష తగ్గుతుందని ఎక్కడా చెప్పబడలేదు.

ఈజిప్టు గవర్నరు కుమారుడు అక్కడి ఒక సామాన్యుణ్ణి అన్యాయంగా కొట్టినప్పుడు, హజ్రత్ ఉమర్ (రజి) తండ్రీకొడుకులను మదీనాకు పిలిపించి, బాధితుని చేత ప్రతీకారం తీర్పించి, తల్లులు స్వతంత్రులుగా కన్న మనుషులను మీరెప్పటి నుంచి బానిసలుగా చేసుకున్నారని గద్దించిన వృత్తాంతం చరిత్ర గ్రంథాలు చెబుతాయి. ఆ బాధితుడు ఆఫ్రికా నేల వాడు, ముస్లిమేతరుడు. నిందితుడు ముస్లిం పాలకుని కొడుకు. ఇస్లామీయ న్యాయం పేర్లు చూడలేదు.

ఇక మన కాలానికి వద్దాం. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎందరో సోదరీమణులు ఇంటి పనికోసం గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు. ఇక్కడ ఏజెంటు చెప్పే జీతం ఒకటి, అక్కడ చేతికి వచ్చేది మరొకటి కావడం చాలామందికి అనుభవమే. పనివారి పాస్‌పోర్టు తీసి దాచుకోవడాన్ని చాలా గల్ఫ్ దేశాల చట్టాలే నిషేధించినా, దాచుకునే యజమానులు ఇంకా ఉన్నారు. వారిలో అయిదు పూటలా నమాజు చేసేవారు కూడా ఉన్నారు! ఇక్కడ ఏజెంటుగా కమీషను తీసుకునేవారిలో మన సోదరులు కూడా ఉన్నారు. సెలవు చీటీ లేకుండా తోట దాటనివ్వని నేటాల్ దొరకు, పాస్‌పోర్టు దాచిన యజమానికి తేడా ఏమిటి?

అంత దూరం ఎందుకు? వెట్టిచాకిరీని మన దేశం 1976లోనే చట్టరీత్యా రద్దు చేసింది. అయినా పెళ్లికో, వైద్యానికో అడ్వాన్సు ఇచ్చి ఇటుక బట్టీలో కుటుంబం మొత్తాన్ని కట్టిపడేసేవారు ఉన్నారు. దుకాణంలో పనిచేసే కుర్రవాడు, ఇంట్లో అంట్లు తోమే అమ్మ, మిషను కుట్టే చెల్లెలు, వీరంతా మనం చెప్పిన కూలీకి ‘సరే’ అంటారు. ఎందుకు సరే అంటున్నారని మనం ఎప్పుడైనా అడిగామా?

మనం చేయవలసినది

మద్‌యన్ పెద్దమనిషి చూపిన దారిలో ఈ నాలుగు విషయాలను ప్రతి ఇంటి యజమాని, ప్రతి వ్యాపారి పాటించవచ్చు.

ఒకటి, పని, కూలీ, వేళలు, సెలవు ముందే స్పష్టంగా, పనివారికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. నోటిమాట ఒకటి, కాగితం మీద మరొకటి ఉండకూడదు. రెండు, చెమట ఆరకముందే కూలీ ఇవ్వాలన్న ప్రవక్త (సఅసం) బోధనను అక్షరాలా పాటించాలి. మూడు, పనివాడు ఆపదలో అప్పు అడిగితే దానిని అతని మెడకు తాడుగా చేయకూడదు. ఆ అప్పుకు, అతను పని మానుకునే స్వేచ్ఛకు ముడిపెట్టకూడదు. నాలుగు, కూలీ నిర్ణయించేటప్పుడు, ఇంతకన్నా తక్కువకు ఎవరు దొరుకుతారని కాక, నాకు ఈ అవసరం వచ్చి ఉంటే ఈ కూలీకి ఒప్పుకునేవాడినా అని మనల్ని మనం ప్రశ్నించుకోవాలి.

కాదనే శక్తి ఉన్నవానితో న్యాయంగా ఉండటం పెద్ద గొప్ప కాదు, అక్కడ మనకు వేరే దారి ఉండదు. కాదనలేనివాని ఎదుట నిలబడినప్పుడే మన విశ్వాసం ఏపాటిదో తేలుతుంది. బలహీనులను అనుగ్రహించి వారినే వారసులుగా చేయదలిచానని అల్లాహ్ అదే 28వ సూరాలో ప్రకటించాడు (28:5). ఫిరౌన్ రాజ్యం పోయింది. లియోపోల్డ్, రోడ్స్‌ల రాజ్యాలు కూడా పోయాయి. వారు వేయించుకున్న వేలిముద్రల లెక్క మాత్రం అల్లాహ్ దగ్గర భద్రంగా ఉంది. మనం వేయించుకుంటున్నవి కూడా అక్కడికే చేరుతున్నాయి.

పరుల అవసరాన్ని లాభంగా కాక బాధ్యతగా చూసే హృదయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! మన చేతికింద పనిచేసేవారు ప్రళయదినాన మనపై ఫిర్యాదుదారులుగా కాక, మనకు అనుకూల సాక్షులుగా నిలిచే భాగ్యాన్ని కలుగజేయుగాక! ఆమీన్.